పిల్లల కోపం, ఏడుపు అదుపు తప్పుతుంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? సరైన నిపుణుల్ని ఎలా వెతుక్కోవాలి?

చపాతీ చిరిగింది. అంతే జరిగింది. మా వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. స్కూల్ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. పంచదార చల్లి చుట్టబోతుంటే నా చేతిలో చపాతీ రెండు ముక్కలైంది. "అతికించు" అన్నాడు. ఇంకోటి చేసిస్తానన్నాను, వినలేదు. కంచం విసిరేశాడు, ఫ్రిజ్ తలుపుకి తల బాదుకున్నాడు, 40 నిమిషాలు ఏడ్చాడు. గొంతు పోయేదాకా ఏడ్చి, చివరికి నా ఒళ్ళో పడుకుని "అమ్మా, నేనెందుకిలా చేస్తున్నాను?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషిని వెతుక్కోవడానికి మాకు ఏడాది పట్టింది. గుంటూరులో మొదలుపెట్టి విజయవాడ, హైదరాబాద్ తిరిగాం. ఇంట్లో తలో మాట అన్నారు. గారాబం ఎక్కువైందని ఒకరు, వాళ్ళ తాత పోలికని ఇంకొకరు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడని మరొకరు. మా అత్తయ్య రోజూ సాయంత్రం ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసేవారు. మేమిద్దరం మాత్రం బోర్డు కనబడిన చోటికల్లా వెళ్ళాం. ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో మా వాణ్ణి కూర్చోబెట్టి మంచి అలవాట్ల గురించి చెప్పి పంపారు. ఇంకో చోట వాణ్ణి సరిగ్గా చూడకుండానే 40 సెషన్ల ప్యాకేజీకి డబ్బు కట్టించుకున్నారు. మూడో చోట ఈఈజీ (మెదడు పనితీరు చూసే పరీక్ష) తీసి, నార్మల్ అన్నారు. నార్మల్ అంటే సంతోషించాలి కదా, కారులో కూర్చుని ఏడ్చాను.

మేం చేసిన పొరపాటు వెతకకపోవడం కాదు. పిల్లాడి కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో చూసుకోకుండా "కోపానికి డాక్టర్" కోసం వెతికాం. ఆ వరుస మార్చాక మూడు నెలల్లో దారి దొరికింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, తల్లిని. మీకు ఆ ఏడాది మిగలాలని నా కోరిక.

వయసు పేచీయా, అంతకు మించినదా?

రెండు మూడేళ్ళ పిల్లలు నేలమీద పడి దొర్లడం, షాపులో మారాం చేయడం మామూలే. చెప్పడానికి మాటలు చాలవు, ఆగడం ఇంకా చేతకాదు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి మెల్లగా తగ్గుతుంది. తగ్గకపోగా పెరుగుతుంటే, స్కూలుకెళ్ళే వయసులో కూడా వారానికి మూడు నాలుగుసార్లు ఇలా జరుగుతుంటే, మొదలైతే అరగంట దాటినా ఆగకపోతే, తనని తాను కొట్టుకోవడమో చెల్లెల్ని కొరకడమో చేస్తుంటే, దీనివల్ల స్నేహితులు దూరమవుతుంటే, పుట్టినరోజులకీ పెళ్ళిళ్ళకీ వెళ్ళాలంటే మీకే టెన్షన్‌గా ఉంటే, సాయం తీసుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

అరుపులు, విసురుళ్ళు మాత్రమే లెక్క కాదు. చిన్న మాటకే ముడుచుకుపోయి రెండు గంటలు మాట్లాడని పాప, ప్రతి ఉదయం స్కూల్ టైముకి కడుపునొప్పి వచ్చే బాబు కూడా ఈ కోవలోకే వస్తారు. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో "నెమ్మదస్తురాలు" అనుకుని వదిలేస్తాం.

రెండు సందర్భాల్లో మాత్రం ఈ వ్యాసంలోని వరుస పాటించకండి. బిడ్డ చచ్చిపోతానంటున్నా, ఒంటిమీద గాయాలు చేసుకుంటున్నా అదే రోజు సైకియాట్రీ (మానసిక వైద్య) విభాగం ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దారి తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో ప్రారంభించిన టెలీ మానస్ హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రెండోది, నిన్నమొన్నటిదాకా బాగున్న బిడ్డ ఒక్కసారిగా మారిపోయి, ఎవరో ఒక మనిషిని చూస్తే వణికిపోతుంటే, ఎవరైనా ఏమైనా చేశారేమోనన్న అనుమానాన్ని పక్కన పెట్టకండి. పిల్లల రక్షణ కోసం 1098 హెల్ప్‌లైన్ ఉంది.

రెండు వారాలు నోటుబుక్ రాయండి

డాక్టర్‌ని వెతకడానికి ముందు చేయాల్సిన పని ఇదే. పది రూపాయల నోటుబుక్ చాలు. బిడ్డకి కోపమో ఏడుపో వచ్చిన ప్రతిసారీ, అంతా సద్దుమణిగాక ఐదు సంగతులు రాయండి: టైము ఎంత, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, ఎంతసేపు పట్టింది, ఏం చేస్తే ఆగింది. పక్కన రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో, ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడో రాయండి. తీర్పులు రాయకండి. "కావాలనే చేశాడు" అని రాస్తే అది మీ కోపం, వాడి సంగతి కాదు.

మా నోటుబుక్‌లో ఒక పేజీ ఇలా ఉంది:

"మంగళవారం. 4.50. బ్యాగు తీసి డైరీ చూపించమన్నాను. వాటర్ బాటిల్ విసిరాడు. తలుపు వెనక కూర్చుని ఏడ్చాడు. 35 నిమిషాలు. నేను మాట్లాడకుండా పక్కన కూర్చుంటే ఆగింది. రాత్రి తొమ్మిదిన్నర గంటలు నిద్ర. మధ్యాహ్నం బాక్స్ సగం వెనక్కొచ్చింది.

బుధవారం. 5.15. చెల్లెలు వాడి పెన్సిల్ ముట్టుకుంది. దాన్ని తోసేశాడు. 20 నిమిషాలు. నోట్స్ పూర్తి కాలేదని టీచర్ డైరీలో రాశారు, తర్వాత చూశాను."

14 రోజుల్లో 17 సార్లు జరిగింది. అందులో 12 సార్లు సాయంత్రం నాలుగున్నర, ఆరు మధ్యనే. రెండు ఆదివారాల్లో ఒక్కటీ లేదు. దసరా సెలవుల్లో వాళ్ళ అమ్మమ్మగారింట్లో పది రోజులున్నా ఇలా ఒక్కసారే అయిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకా వెనక్కి తిరగేస్తే, బోర్డు మీద నుంచి నోట్స్ ఎక్కించుకోవాల్సిన రోజుల్లోనే మరీ ఎక్కువ. చపాతీ, బాటిల్, పెన్సిల్ ఇవన్నీ పైకి కనబడిన కారణాలు. ఏడాదిపాటు మేం వాటి గురించే డాక్టర్లకి చెప్పాం. వాడి చేతిరాత గురించి ఎవరికీ చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు.

క్లాస్ టీచర్‌ని కూడా వారానికి రెండుసార్లు నాలుగు ముక్కలు రాసిమ్మని అడగండి. ఫిర్యాదు కోసం కాదని, డాక్టర్‌కి చూపించడానికని చెబితే చాలామంది ఇష్టంగానే రాస్తారు. స్కూల్లో బుద్ధిగా ఉండి ఇంటికొచ్చి బద్దలైపోయే పిల్లలు ఉంటారు, ఇంట్లో బాగుండి స్కూల్లో గొడవపడేవాళ్ళూ ఉంటారు. ఆ తేడా నిపుణులకి చాలా చెబుతుంది. వీలైతే ఫోన్‌లో ఒకటి రెండు నిమిషాల వీడియో తీయండి, కానీ బెదిరించడానికి కాదు. ఆ వీడియో డాక్టర్‌కి తప్ప ఇంకెవరికీ, ఫ్యామిలీ గ్రూపులో కూడా, పంపకండి. పెద్దయ్యాక మన బిడ్డ దాన్ని చూడాల్సి రావచ్చు.

మొదటి గడప పిల్లల డాక్టరుదే

మీరు ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టర్ దగ్గరికే ముందు వెళ్ళండి, కానీ జ్వరానికి వెళ్ళిన రోజు చివర్లో "అన్నట్టు, వీడికి కోపం ఎక్కువండీ" అనకండి. ఇందుకోసమే విడిగా టైము తీసుకోండి. శరీరంలో ఉన్న ఇబ్బంది కోపంగా బయటపడటం చాలా మామూలు. వినికిడి సరిగా లేని బిడ్డ "చెబితే వినడు" అనిపించుకుంటాడు. చూపు తేడా ఉన్న బిడ్డ చదువు దగ్గర విసుక్కుంటాడు. రాత్రంతా నోరు తెరిచి గురక పెట్టే పిల్లలకి ముక్కు వెనకుండే అడినాయిడ్స్ పెరిగి నిద్ర తెగిపోతుంటుంది, పగలంతా చిరాకుగా ఉంటారు. రక్తహీనత, మలబద్ధకం, నులిపురుగులు, థైరాయిడ్ ఇవన్నీ చూడమని అడగండి. మధ్యమధ్యలో కొన్ని క్షణాలు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకుండా ఉంటే తప్పకుండా చెప్పండి, అప్పుడు పిల్లల న్యూరాలజిస్ట్ అవసరం రావచ్చు.

వాడుతున్న మందులన్నీ చూపించండి. ఇది నేను గట్టిగా చెబుతాను. జలుబుకీ, ఆయాసానికీ మన దగ్గర విరివిగా రాసే మాంటెలుకాస్ట్ కొంతమంది పిల్లల్లో చిరాకు, పీడకలలు, ప్రవర్తనలో మార్పు తెస్తుంది. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు సమాచార పత్రంలో అన్నిటికంటే గట్టి హెచ్చరిక పెట్టించింది. ఫిట్స్‌కి ఇచ్చే లెవెటిరాసెటామ్‌తో కూడా కోపం పెరగవచ్చు. స్టెరాయిడ్లతోనూ అంతే. అలాగని మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి, ఫిట్స్ మందు అసలే ఆపకూడదు. "ఈ మందు మొదలుపెట్టాకే ఇలా ఉంటున్నాడా?" అని నోటుబుక్ తిరగేసి, తేదీలతో డాక్టర్‌ని అడగండి.

"పెద్దయితే అదే పోతుందమ్మా" అంటే నొచ్చుకుని లేచి రాకండి. నోటుబుక్ తెరిచి, "రెండు వారాల్లో ఇన్నిసార్లు అయిందండీ, ఒక్కోసారి ఇంతసేపు. ఎవరికి చూపించాలో ఒక రెఫరల్ రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. లెక్క కళ్ళముందు ఉంటే మాట మారుతుంది. మాకు మారింది.

ఎవరు ఏం చూస్తారు?

ఇక్కడే అందరం తికమకపడతాం. అన్ని బోర్డులూ ఒకేలా ఉంటాయి. "చైల్డ్ డెవలప్‌మెంట్", "బిహేవియర్", "థెరపీ". లోపల కూర్చున్నవాళ్ళ చదువులు మాత్రం వేరువేరు.

క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. బిడ్డ మనసు, తెలివి, నేర్చుకునే తీరు పరీక్షించి, ఏది దేనివల్ల వస్తోందో విడదీసి చెప్పడం, మాటలతో, ఆటలతో థెరపీ ఇవ్వడం, తల్లిదండ్రులకి ఎలా స్పందించాలో నేర్పడం వాళ్ళ పని. ఆరేళ్ళు దాటి, ప్రాణభయం లేని పరిస్థితి అయితే పిల్లల డాక్టర్ చూశాక చాలామందికి మొదట వెళ్ళాల్సింది ఇక్కడికే అని నా అభిప్రాయం. అయితే పిల్లలతో రోజూ పనిచేసేవాళ్ళు కావాలి. పెద్దవాళ్ళ డిప్రెషన్ చూసేవారు ఎంత మంచివారైనా ఎనిమిదేళ్ళ బిడ్డతో నేలమీద కూర్చోవడం వేరే విద్య.

సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. పిల్లల సైకియాట్రీలో డీఎం అనే పై చదువు చేసినవాళ్ళు, లేదా అందులో ప్రత్యేక శిక్షణ ఉన్నవాళ్ళు దొరికితే మంచిది, కానీ మన రాష్ట్రాల్లో తక్కువమంది. నిద్ర పూర్తిగా పోయినా, తిండి మానేసినా, హింస ఎక్కువగా ఉన్నా, చావు మాటలు వస్తున్నా, ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) మందు అవసరమేమోననిపించినా ముందు వీళ్ళ దగ్గరికే. "పిచ్చి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తావా" అని మా ఇంట్లోనూ అన్నారు. ఆ మాటకి భయపడి బిడ్డని ఆపకండి.

ఐదేళ్ళలోపు పిల్లలకి, మాటలు ఆలస్యమైనవాళ్ళకి, ఆటిజం అనుమానం ఉన్నవాళ్ళకి డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ సరైనవారు. పిల్లల వైద్యం చదివి, ఎదుగుదల సమస్యల్లో అదనపు శిక్షణ తీసుకున్నవారన్నమాట.

మీ నోటుబుక్‌లో మిక్సీ శబ్దం, బట్టల లేబుల్, జుట్టు దువ్వడం, పెళ్ళి బ్యాండు లాంటివే మళ్ళీమళ్ళీ కనబడితే, లేదా గుండీలు పెట్టుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం కష్టమవుతుంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ పనికొస్తారు. చెప్పాలనుకున్నది చెప్పలేక ఏడుస్తుంటే స్పీచ్ థెరపిస్ట్. చదువు, రాత దగ్గరే తుఫాను లేస్తుంటే క్లినికల్ సైకాలజిస్ట్ చేత నేర్చుకునే సామర్థ్యపు పరీక్ష చేయించి, ఆ తర్వాత స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి ప్రత్యేక పద్ధతిలో చదువు నేర్పేవారు. మాకు చివరికి తేలింది ఇదే. రాయడంలో ఇబ్బంది, దానిమీద పెరిగిన భయం. రోజంతా క్లాసులో ఆ భయాన్ని బిగబట్టుకుని, ఇంటికొచ్చి చపాతీ మీద వదిలేవాడు. 40 సెషన్ల ప్యాకేజీలో వాణ్ణి ఊయల ఊపారు, బంతుల్లో ఆడించారు. ఆ థెరపీ చెడ్డదని కాదు, వాడి కష్టం అక్కడ లేదు.

ఎక్కడ దొరుకుతారు?

డబ్బు లేకపోతే దారి లేదనుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. దానికోసం చాలా జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ, అంటే సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో, ఏఎన్ఎంనో అడిగితే మీ జిల్లాలో అది ఎక్కడుందో చెబుతారు. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. వెళ్ళేముందు పిల్లల్ని ఏ రోజు చూస్తారో కనుక్కోండి, లేకపోతే ఓపీ చీటీ కోసం నిలబడ్డ పూట వృథా అవుతుంది.

హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎదుగుదల, తెలివి, నేర్చుకోవడానికి సంబంధించిన పరీక్షలకి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ పేరున్నది. అనంతపురం, హిందూపురం వైపు వాళ్ళకి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ దగ్గర. అక్కడ పిల్లలకీ, కౌమార వయసువాళ్ళకీ ప్రత్యేక విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్ళకి వేలూరు సీఎంసీ దగ్గర, అక్కడా పిల్లల సైకియాట్రీ యూనిట్ ఉంది. దూరం వెళ్ళేవాళ్ళకి ఒక సలహా: పరీక్ష, నిర్ధారణ అక్కడ చేయించుకుని, వారంవారం చేసే థెరపీ మాత్రం మీ ఊరికి దగ్గర్లో చూసుకోండి. నెలకోసారి రైలెక్కే థెరపీ నిలబడదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు పిల్లల డాక్టర్‌తో పాటు స్కూల్‌ని కూడా అడగాలి. వైకల్యమున్న పిల్లల చదువు కోసం ఉన్న ఐడీఈఏ చట్టం కింద ప్రభుత్వ స్కూలుకి రాతపూర్వకంగా పరీక్ష కోరవచ్చు. మీ అంగీకారం ఇచ్చాక మామూలుగా 60 రోజుల్లో ఆ పరీక్ష పూర్తవాలి, కొన్ని రాష్ట్రాలు తమ గడువు తామే పెట్టుకున్నాయి. దానికి ఫీజు లేదు.

బోర్డు కాదు, రిజిస్ట్రేషన్ చూడండి

ఇది చిన్న పని, పది నిమిషాలు పడుతుంది. క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు 1992 చట్టం కింద రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. వాళ్ళకి సీఆర్ఆర్ నంబర్ (కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) ఉంటుంది, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. క్లినికల్ సైకాలజీలో చాలాకాలంగా రెండేళ్ళ ఎం.ఫిల్ ప్రధానమైన చదువు, ఇప్పుడు కోర్సుల పేర్లు మారుతున్నాయి కాబట్టి డిగ్రీ పేరు కంటే నంబరు చూడటం మేలు. సైకియాట్రిస్ట్ అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది. పేరు ముందు "డాక్టర్" ఉన్నంత మాత్రాన వైద్యులు కారు, పీహెచ్‌డీ కూడా కావచ్చు. ఆరు నెలల డిప్లొమాతో కౌన్సెలింగ్ చేసేవాళ్ళలో మంచి మనసున్నవాళ్ళు ఉన్నారు, కానీ వాళ్ళు జబ్బు పేరు పెట్టకూడదు, ఐక్యూ పరీక్ష చేసి రిపోర్ట్ ఇవ్వకూడదు.

నంబర్ అడగడానికి మొహమాటపడ్డాం మేం. పెద్దవాళ్ళని పరీక్షిస్తున్నట్టు ఉంటుందని. "సార్, స్కూల్‌కి రిపోర్ట్ ఇవ్వాలి, మీ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉంటుందా అండీ?" అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. చిరాకుపడితే అదే మీకు జవాబు.

అపాయింట్‌మెంట్‌కి ముందు ఫోన్‌లో

డబ్బు కట్టకముందు రిసెప్షన్‌లో అయినా సరే ఇవి అడగండి. ఈ వయసు పిల్లల్ని రోజూ చూస్తారా? మొదటిసారి ఎంతసేపు మాట్లాడతారు? టీచర్ దగ్గర్నుంచి సమాచారం తీసుకుంటారా? థెరపీలో మాకు కూడా నేర్పుతారా, లేక మేం బయట కూర్చోవాలా? రిపోర్ట్ రాసిస్తారా? పరీక్షలతో కలిపి మొత్తం ఎంతవుతుంది?

వీటిలో తల్లిదండ్రులకి నేర్పుతారా అన్నది అన్నిటికంటే ముఖ్యం. వారానికి 45 నిమిషాలు బిడ్డ వాళ్ళ దగ్గర ఉంటాడు. మిగతా వారమంతా మన దగ్గరే. చిన్నపిల్లల కోపం విషయంలో గట్టి ఆధారాలున్న పద్ధతుల్లో తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వడం ముందు వరసలో ఉంటుంది. మిమ్మల్ని ఎప్పుడూ గది బయటే ఉంచే చోటు గురించి మళ్ళీ ఆలోచించండి.

ఇంకో ప్రశ్న ఉంది, ఎవరూ అడగరు. బిడ్డతో తెలుగులో మాట్లాడతారా? మా వాడు ఇంగ్లీష్ మీడియమే. మొదట చూసినవాళ్ళందరూ వాడితో ఇంగ్లీషులోనే మాట్లాడారు. కోపంగా ఉందా, బాధగా ఉందా అని ఆ భాషలో అడిగితే, స్కూల్లో టీచర్‌కి చెప్పినట్టు "ఫైన్" అనేవాడు. చివరికి దొరికిన మేడమ్ బొమ్మల కార్డులు పక్కన పెట్టి, తెలుగులో "నీ కడుపులో ఏమవుతుంది కన్నా అప్పుడు?" అని అడిగారు. "మరుగుతున్నట్టు ఉంటుంది" అన్నాడు. ఆమె ఒక కాగితం మీద చిరాకు, ఉక్రోషం, బెంగ, సిగ్గు, భయం అని రాసి, ఒక్కోదానికి చిన్న కథ చెప్పారు. ఉక్రోషం దగ్గర మా వాడు ఆగిపోయాడు. తను చేయగలడని తనకి తెలుసు, చేయలేకపోతున్నాడు, అందరూ చూస్తున్నారు, అప్పుడు వచ్చేది ఉక్రోషమని ఆమె చెప్పారు. "ఇదే, ఇదే" అని ఆ కాగితం మీద వేలు పెట్టి అలాగే ఉంచాడు. ఆ రోజు నుంచి బాటిల్ విసరబోయి "అమ్మా, ఉక్రోషం వస్తోంది" అనడం మొదలైంది. అన్నిసార్లూ కాదు. నాలుగుసార్లకి ఒకసారి. ఆ ఒక్కటి మాకు చాలు.

మీ ఇంట్లో ఉర్దూనో, హిందీనో, లంబాడీ మాటలో నడుస్తుంటే ఆ భాష తెలిసినవాళ్ళ గురించి అడగండి.

మొదటి రోజు

బిడ్డకి అబద్ధం చెప్పి తీసుకెళ్ళకండి. "నీ కోపం తగ్గించే డాక్టర్" అని కూడా అనకండి, తన మీద నేరం మోపినట్టు ఉంటుంది. "నీకు కష్టంగా ఉన్నప్పుడు మనందరం ఏం చేయాలో నేర్పే మేడమ్ దగ్గరికి వెళ్తున్నాం. సూది ఉండదు" అని చెబితే చాలు. తిన్నాక, నిద్ర సరిపోయిన టైముకి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

నోటుబుక్, టీచర్ కాగితాలు, పాత రిపోర్టులు, మందుల చీటీలు, రెండు మూడు క్లాసు నోటుపుస్తకాలు పట్టుకెళ్ళండి. తల్లిదండ్రులిద్దరూ వెళ్ళండి. పగలంతా నానమ్మో అమ్మమ్మో చూసుకుంటుంటే ఆమెనీ తీసుకెళ్ళండి. మా అత్తయ్య వచ్చారు. మాకు తెలియని సంగతి ఆవిడే చెప్పారు: స్కూల్ బస్సు దిగిన వెంటనే వాడు తన కుడిచెయ్యి నొక్కుకుంటూ వస్తాడట. అందరూ ఒకేమాట డాక్టర్ నోట వినడం వల్ల, ఇంట్లో "నీ పెంపకం" అనే మాట కూడా ఆగిపోయింది.

బిడ్డ ముందు వాడి తప్పుల చిట్టా చదవకండి. కొంతసేపు మీతో విడిగా మాట్లాడమని అడగండి.

మంచి నిపుణులు గర్భం నాటి నుంచి అడుగుతారు. కాన్పు, మాటలు, నిద్ర, ఇంట్లో గొడవలు, చావులు, ఊరు మారడాలు, మొబైల్, అన్నీ. బిడ్డకి ఏది ఇష్టమో కూడా అడుగుతారు. రెండు మూడుసార్లు చూడందే గట్టిగా పేరు పెట్టరు. ఏడీహెచ్‌డీ, ఆందోళన, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బంది, డిప్రెషన్, ఇవన్నీ పైకి ఒకే రకం కోపంలా కనబడగలవు, ఒకే బిడ్డలో రెండు కలిసి కూడా ఉండగలవు. పది నిమిషాల్లో జబ్బు పేరు చెప్పి, మొదటిరోజే పెద్ద ప్యాకేజీకి డబ్బు అడిగి, పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేచోటు నుంచి ఆలోచించుకుని చెబుతామని లేచి వచ్చేయండి.

మందు రాస్తే భయపడి పక్కన పెట్టకండి, కళ్ళు మూసుకుని మింగించకండి. ఇది దేనికి, ఎన్నాళ్ళకి తేడా కనబడాలి, ఆకలి, నిద్ర, బరువులో ఏం మార్పు రావచ్చు, మళ్ళీ ఎప్పుడు చూపించాలి అని అడిగి రాసుకోండి.

ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత

మళ్ళీ రెండు వారాలు నోటుబుక్ రాయండి, పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. కోపం పూర్తిగా పోయిందా అని చూడకండి. ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎంత తొందరగా తేరుకుంటున్నాడు అన్నది చూడండి. మాకు 17 కాస్తా 11 అయింది, 40 నిమిషాలు 15 అయింది. ఏ మార్పూ లేకపోతే ఆ లెక్క చూపించి నేరుగా అడగండి. మంచివాళ్ళు పద్ధతి మారుస్తారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. మీరే మారాలనుకుంటే రిపోర్టులు తీసుకుని మారండి, కానీ రెండు మూడు సెషన్లకే మారిపోతుంటే బిడ్డ ప్రతిచోటా కొత్తవాళ్ళకి మొదటినుంచి చెప్పుకోవాల్సి వస్తుంది.

ఖర్చు విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకీ బీమా ఇవ్వాలి. అయితే చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే ఇస్తాయి కాబట్టి ఓపీ ఖర్చులు వస్తాయో లేదో ముందే అడగండి. ఆటిజం గానీ, నేర్చుకోవడంలో ఇబ్బంది గానీ తేలితే అవి 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటివి అడగవచ్చు. మా వాడికి టీచరమ్మ బోర్డు మీది నోట్స్ జిరాక్స్ ఇవ్వడం మొదలుపెట్టారు. దానికి ఏ సర్టిఫికెట్టూ అవసరం పడలేదు, ఒక్క పేజీ రిపోర్ట్ చూపించి అడిగాం, అంతే.

అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత ఇస్తే?

మంచివాళ్ళ దగ్గర ఇలాగే ఉంటుంది. ఎవరైనా రాకపోతే పిలవమని నంబర్ ఇచ్చి, వారానికోసారి ఫోన్ చేయండి. ఈలోగా 14416కి ఫోన్ చేసి ఇంట్లో ఏం చేయాలో అడగవచ్చు. తుఫాను లేచినప్పుడు ప్రశ్నలు వేయకండి, పాఠం చెప్పకండి. విసిరితే తగిలే వస్తువులు, చిన్నపిల్లల్ని పక్కకి తీసేయండి. రెండు మూడు మాటలు మాత్రమే, నెమ్మదిగా అనండి. తాకనిస్తే దగ్గరికి తీసుకోండి, వద్దంటే కనబడేంత దూరంలో కూర్చోండి. ఆగాక మంచినీళ్ళు, తినడానికి ఏదైనా ఇవ్వండి. మాట్లాడటం ఆ తర్వాత, పడుకునే ముందు, లైటు ఆర్పాక. మా వాడు చెప్పాల్సినవన్నీ చీకట్లోనే చెప్పాడు.